మూడుసార్లూ 6 దగ్గరే ఆగిన రైటింగ్: గుంటూరు స్టాఫ్ నర్సు కేస్ స్టడీ

కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేసే స్టాఫ్ నర్సు ఆమె. బ్రాడీపేటలో మా కోచింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో మూడు రిజల్టు షీట్లున్నాయి, విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌వి. మూడింట్లోనూ రైటింగ్ ఎదురుగా ఒకటే అంకె, 6. ఆఖరిదాంట్లో లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 7. నాలుగూ కలిపి సగటు తీస్తే 6.875, దాన్ని దగ్గరి అర బ్యాండుకి (బ్యాండు అంటే ఈ పరీక్షలో స్కోరు మెట్టు) సవరిస్తే ఓవరాల్ 7. చూడటానికి మంచి స్కోరే. కానీ బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ఓవరాల్ 7తో సరిపెట్టుకోదు. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ ఒక్కోదానిలో 7, రైటింగ్‌లో 6.5 ఉండాలి. 2018 చివరిదాకా రైటింగ్‌లోనూ 7 అడిగేవాళ్లు, తర్వాత అర తగ్గించారు. ఆ తగ్గించిన గీతకి కూడా ఆమె అర బ్యాండు కింద ఆగిపోయారు.

మూడు పరీక్షల ఫీజు ఆమెకి రెండు నెలల జీతం పైమాటే. ఇంట్లో నాలుగోసారి డబ్బు అడగడానికి మొహం చెల్లడం లేదని, నైట్ డ్యూటీలు అదనంగా చేసి కట్టుకుంటానని అన్నారు. తర్వాత అడిగిన మాట ఇది: "సార్, నాకు ఐడియాలు రావు. టాపిక్ చూడగానే బుర్ర ఖాళీ అయిపోతుంది. ఐడియాల పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి, బట్టీ పట్టేస్తాను."

పేరు రాయనన్న షరతు మీద, ఆమె ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. ఇలాంటి 6లు మన గుంటూరు, విజయవాడల్లో ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తాయి. వాళ్లలో చాలామంది ఇదే పుస్తకం కోసం వెతుకుతుంటారు.

రిజల్టు షీట్‌లో రైటింగ్‌కి ఒక్క అంకె మాత్రమే ఉంటుంది, ఎక్కడ పోయిందో చెప్పదు. దిద్దేటప్పుడు మాత్రం నాలుగు కొలతలు: అడిగినదానికి ఎంతవరకు జవాబిచ్చారన్న టాస్క్ రెస్పాన్స్, మాటల అల్లికను చూసే కొహీరెన్స్, పదసంపద, వ్యాకరణం. నాలుగింటికీ సమాన బరువు. 250 పదాలకు తగ్గకుండా రాయాల్సిన టాస్క్ 2 వ్యాసానికి, 150 పదాల టాస్క్ 1 కంటే రెట్టింపు బరువు. అందుకని ముందు ఒక వ్యాసం నా ఎదురుగానే, 40 నిమిషాల్లో రాయించాను. ప్రశ్న ఇది: ప్రభుత్వాలు జబ్బులకి వైద్యం చేయించడం మీదకంటే జబ్బులు రాకుండా చూడటం మీద ఎక్కువ ఖర్చు పెట్టాలంటారు కొందరు, మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు? నర్సు కదా, చేయి తిరిగిన విషయం ఇద్దామనుకున్నాను.

ఆమె రాసిన మొదటి పేరాను అర్థం చెడకుండా తెలుగులో పెడుతున్నాను:

"మొదటగా, చికిత్సకంటే నివారణ మేలు. ప్రభుత్వం అవగాహన కార్యక్రమాలు పెట్టాలి, టీకాలు వేయించాలి, శుభ్రమైన నీళ్లు ఇవ్వాలి. అంతేకాక, జనం వ్యాయామం చేయాలి, మంచి ఆహారం తినాలి. దీనివల్ల జబ్బులు తగ్గుతాయి. ఇంకా, దేశ ఆర్థిక వ్యవస్థ మెరుగుపడుతుంది. ఉదాహరణకి, అభివృద్ధి చెందిన దేశాల్లో జనం ఆరోగ్యంగా ఉంటారు. కాబట్టి నివారణ చాలా ముఖ్యం."

ఇంగ్లీషులో ఇది చెడ్డ పేరా కాదు. క్రియలు సరిగ్గా ఉన్నాయి, స్పెల్లింగ్ తప్పుల్లేవు, మంచి మంచి పదాలు పడ్డాయి. నా లెక్కలో వ్యాకరణం 6, అల్లిక 6, పదాలు 7. టాస్క్ రెస్పాన్స్ దగ్గరికొచ్చేసరికి 5. మొత్తం 24, నాలుగుతో భాగిస్తే 6. మూడు షీట్లూ చెబుతున్న అంకె అదే.

ఐడియాలు రావంటున్న మనిషి ఏడు వాక్యాల్లో ఏడు విషయాలు చెప్పారు: అవగాహన, టీకాలు, నీళ్లు, వ్యాయామం, తిండి, జబ్బులు తగ్గడం, ఆర్థిక వ్యవస్థ. ఒక్కదాని దగ్గర కూడా రెండో వాక్యం నిలబడి మాట్లాడలేదు. పరీక్షవాళ్ల బ్యాండ్ 5 వర్ణనలో ఉండే మాట సరిగ్గా ఇదే: అసలు విషయాలు కొన్ని ముందుకు తెచ్చారు గాని వాటిని సరిపడా పెంచలేదు. బ్యాండ్ 7 రావాలంటే విషయాల్ని విస్తరించి, వాటికి ఆసరా ఇచ్చి ఉండాలి. ఆ రెండు వర్ణనల్లో ఎక్కడా ఇన్ని ఐడియాలుండాలి అన్న లెక్క లేదు. అంకగణితం వైపు నుంచి చూసినా, టాస్క్ రెస్పాన్స్ ఒక్కటీ 5 నుంచి 7కి వస్తే మొత్తం 26, సగటు 6.5. గ్రాఫు వర్ణించే టాస్క్ 1లో ఆమె అప్పటికే 6.5 స్థాయిలో ఉన్నారు. అంటే గ్రామర్ పుస్తకాలు, పదాల జాబితాలు ముట్టుకోకుండానే ఆమె గట్టెక్కవచ్చు.

ఈ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అక్కడే చదువుకున్నాను. ఇంటర్మీడియట్‌లో రెండు మార్కులవి, నాలుగు మార్కులవి, ఎనిమిది మార్కులవి. ఎనిమిది మార్కుల జవాబుకి సైడ్ హెడింగులు పెట్టాలి, కింద స్కేలుతో గీత గీయాలి, పాయింట్లు ఒక్కటీ వదలకూడదు. నర్సింగ్ పరీక్షల్లోనూ అంతే: కారణాలు, లక్షణాలు, నర్సింగ్ కేర్. అక్కడ అది సరైన పద్ధతే. దిద్దేవాళ్లకి జవాబు ముందే తెలుసు. "టీకాలు" అన్న మాట కనిపిస్తే మిగతాది వాళ్లే పూరించుకుని టిక్కు పెడతారు. ఐఈఎల్‌టీఎస్ ఎగ్జామినర్ చేతిలో జవాబుల కీ ఉండదు. కాగితం మీద లేనిదాన్ని మన తరఫున పూరించుకోవడానికి అతనికి అనుమతి లేదు. పన్నెండేళ్ల బడి, నాలుగేళ్ల కాలేజీ నేర్పిన చేయి కదా, ఆమె చేయి ఆ పాయింట్ల దారిలోనే పోతోంది.

ఇంతవరకు నా రోగనిర్ణయం సరైనదే. మందు దగ్గర తప్పు చేశాను.

కోచింగుల్లో అందరం చెప్పేదే నేనూ చెప్పాను. ప్రతి పేరాలో ముందు పాయింట్, తర్వాత ఎక్స్‌ప్లనేషన్, తర్వాత ఎగ్జాంపుల్, చివర లింక్. నాలుగు గళ్ల షీటు ప్రింటు తీసి ఇచ్చాను. మూడు వారాల్లో పన్నెండు వ్యాసాలు రాశారు, నైట్ డ్యూటీ దిగి వచ్చి మరీ. ఏ పేరా తీసినా ఇలా ఉండేది:

"నివారణ మీద ఖర్చు పెడితే జబ్బులు తగ్గుతాయి. అంటే, ప్రభుత్వం నివారణకి నిధులిస్తే జనానికి రోగాలు తక్కువగా వస్తాయి. ఉదాహరణకి, నివారణకి ఎక్కువ ఖర్చు చేసిన దేశాల్లో రోగాలు తక్కువని ఒక సర్వే తేల్చింది. కాబట్టి నివారణకి డబ్బిస్తే జబ్బులు తగ్గుతాయి."

నాలుగు గళ్లూ నిండాయి. చెప్పింది మాత్రం ఒక్కటే మాట, నాలుగుసార్లు చీర మార్చుకొచ్చింది. మొదటి పేరాలో ఏడు విషయాలు ఒక్కో అడుగు వేసి ఆగిపోతే, ఇందులో ఒకే విషయం ఉన్నచోటే నాలుగడుగులు వేసింది. ముందుకి కదలలేదు.

ఆ సర్వే గురించి ఒక మాట. పేరున్న విదేశీ విశ్వవిద్యాలయాన్ని తలచుకుని, 78 శాతం అని ఒక అంకె వేసి, లేని సర్వేను సృష్టించమని నేర్పే చోట్లు చాలా ఉన్నాయి. నాకు అది తప్పనే అనిపిస్తుంది, మార్కుల కోసమైనా సరే. పైగా దాంతో వచ్చేదీ లేదు. ఎగ్జామినర్ లెక్కలు సరిచూడడు నిజమే, కానీ ఆ అంకె వాదాన్ని ఒక్క అంగుళం ముందుకి తీసుకెళ్లదు. ప్రశ్నపత్రం మీదే రాసి ఉంటుంది, మీ సొంత జ్ఞానం నుంచీ అనుభవం నుంచీ ఉదాహరణలు ఇవ్వండి అని.

అప్పటికి నేను ఆమెను తప్పుపట్టడం మొదలుపెట్టాను, లోలోపల. చదవడం లేదు, అందుకే లోతు రావడం లేదు అనుకున్నాను. రోజూ ఇంగ్లీషు పేపర్ల సంపాదకీయాలు చదవమన్నాను. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన మనిషికి ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఒకరోజు సాయంత్రం క్లాసు మధ్యలో ఆమె ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి, తీయక తప్పదు. బయటికి వెళ్లబోయి, వర్షం పడుతుంటే తలుపు దగ్గరే నిలబడి మాట్లాడారు. వాంతులతో పొటాషియం బాగా పడిపోయిన పేషంటుకి సెలైన్‌లో కలిపి, వేగాన్ని అదుపులో ఉంచే పంపు పెట్టి ఎక్కిస్తున్నారట. ఎప్పటికైపోతుందని అటెండెంట్లు తొందరపెడుతుంటే, కొత్తగా చేరిన అమ్మాయి స్పీడు పెంచనా అని అడుగుతోంది. ఈమె అన్న మాటలు నాకు దాదాపు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి:

"వద్దమ్మా, పెంచకు. పొటాషియం ఒక్కసారిగా ఎక్కితే గుండె కొట్టుకోవడం గతి తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. అందుకే కదా పంపులో పెట్టి వెళ్లాను. ముందు యూరిన్ బ్యాగు చూడు. యూరిన్ సరిగా రావట్లేదనుకో, పొటాషియం బయటికి పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది. అప్పుడు మనం పెట్టిన స్పీడు కూడా ఎక్కువే అవుతుంది. అలా ఉంటే పంపు ఆపేసి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చెయ్యి. మానిటర్ మీద ఒక కన్నేసి ఉంచు. అటెండెంట్లతో నేను మాట్లాడతాలే, ఫోనివ్వు."

ఆమె వచ్చి కూర్చునేలోపు ఆ మాటలు వరసగా బోర్డు మీద రాసేశాను.

"సిస్టర్, ఫోన్లో ఎన్ని పాయింట్లు చెప్పారు?"

"ఒక్కటే కద సార్. స్పీడు పెంచొద్దని."

"ఆ ఒక్కటే చెప్పి పెట్టేయొచ్చు కదా?"

కాసేపు బోర్డు వైపు చూశారు. "ఆ పిల్ల కొత్త సార్. ఎందుకో చెప్పకపోతే అటెండెంట్లు గట్టిగా అడగ్గానే పెంచేస్తుంది."

నాకు మూడు వారాలుగా దొరకనిది ఆ జవాబులో ఉంది. పాయింటు ఒక్కటే. అది ఎలా పనిచేస్తుందో చెప్పారు: గుండె గతి తప్పుతుంది. అందుకే తాము ఏం చేశారో చెప్పారు: పంపు. ఆ మాట ఎప్పుడు ఇంకా ముఖ్యమవుతుందో చెప్పారు: యూరిన్ రాకపోతే. అప్పుడు ఏం చేయాలో కూడా చెప్పారు. ఒక్కో వాక్యం ముందు వాక్యం లేవనెత్తిన ప్రశ్నకి జవాబుగా వచ్చింది. ఒక్కటి కూడా వెనక్కి తిరిగి అదే మాట చెప్పలేదు. ఇది బ్యాండ్ 8 పేరా, తెలుగులో, ఫోన్లో, ఏ గళ్ల షీటూ లేకుండా.

ఆమెకి ఐడియాని పెంచడం రాకపోవడం అన్నదే లేదు. రోజుకి రెండుసార్లు, షిఫ్టు మారేటప్పుడల్లా, పడక పడక దగ్గరా చేస్తున్న పని అది. నర్సులు దాన్ని హ్యాండోవర్ అంటారు. "బెడ్ 4, బీపీ తక్కువ" అని చెప్పి వెళ్లిపోయే సిస్టర్‌ని ఎవరూ ఒప్పుకోరు. ఎప్పటి నుంచి తక్కువ, ఎందుకని అనుకుంటున్నారు, ఏమిచ్చారు, ఇచ్చాక ఎంతకొచ్చింది, రాత్రికి ఏం గమనించాలి, అన్నీ చెప్పాలి. ఎందుకంటే వినేవాళ్లకి తెలియదు, తెలియకపోతే పేషంటుకి ప్రమాదం. పరీక్షలో మాత్రం, తెలిసినవాడికి రాస్తున్నట్టు రాస్తున్నారు.

గళ్ల షీటు చించేశాను. ఆ రోజు నుంచి పని ఒకటే: వ్యాసంలో రెండు పేరాలు, పేరాకి ఒక పేషంటు. ఆ పేషంటుని ఏమీ తెలియని నైట్ సిస్టర్‌కి అప్పగించి ఇంటికి వెళ్లాలి.

అదే ప్రశ్న మళ్లీ ఇచ్చాను. ఏడు విషయాల్లో ఏదో ఒక్కటి ఎంచుకోమంటే చాలాసేపు ఆలోచించి తాగునీరు అన్నారు. ఎందుకంటే 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు తాగునీటిలో మురుగు కలిసి విరేచనాలు ప్రబలినప్పుడు ఆమె నర్సింగ్ విద్యార్థిని. క్లినికల్ పోస్టింగ్‌లో ఉన్నారు. వార్డు చూశారు. ఆ వ్యాధికి చనిపోయినవాళ్లున్నారు, ఊరంతా ఎరిగిన సంగతి. ఇంతకాలం ఇది రాయాలని ఎందుకు తోచలేదంటే, "ఇది మన ఊరిది కద సార్, వాళ్లకి అమెరికాలోదో జపాన్‌లోదో కావాలనుకున్నాను" అన్నారు.

మొదటిసారి రాసింది హద్దు దాటింది. ఏ వీధిలో మొదలైంది, ట్యాంకర్లు ఎప్పుడొచ్చాయి, ఒక ముసలమ్మ చేయి పట్టుకుని ఏమంది, 190 పదాల పేరా. చదువుతుంటే నాకే గొంతు పట్టేసింది. కానీ అందులో నివారణా లేదు, ఖర్చూ లేదు. సందర్భానికి అక్కరలేని వివరం కూడా మార్కులు తగ్గించేదే. ఆ పేరా కొట్టేయమని చెప్పడం ఆ నెలలో నాకు అన్నిటికంటే కష్టమైన పని. అందుకే కొట్టేయించలేదు, ప్రశ్నలు అడిగాను. "మురుగు పైపులోకి ఎలా వెళ్తుంది?" ఆమెకి తెలియదు. ఇద్దరం మాట్లాడుకున్నాం. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది గనక, పగులుంటే నీరు బయటికి కారుతుంది. ఆపేశాక ఒత్తిడి పోతుంది, పక్కనే మురుగుకాలువ ఉంటే ఆ పగుల్లోంచే అది లోపలికి దిగుతుంది. "అయితే పగులు ఒక్కచోట ఉన్నా లైను మొత్తానికీ వెళ్తుంది కదా" అన్నారామె. ఆ "అయితే" కోసమే నేను ఎదురుచూస్తున్నాను.

మూడో రూపం ఇది, మళ్లీ తెలుగులో:

"మురుగు కలవని తాగునీటి మీద పెట్టే డబ్బు, అదే ఊరి ఆసుపత్రి మీద పెట్టే డబ్బుకంటే ఎక్కువమందిని కాపాడుతుంది. పాత పైపులు మురుగుకాలువల పక్క నుంచి వెళ్లేచోట ఒక్క పగులు చాలు, ఆ లైను మీద ఆధారపడ్డ ఇళ్లన్నీ ఒకే వారంలో జబ్బుపడతాయి. అంతమంది ఒకేసారి వస్తే ఎంత పెద్ద ఆసుపత్రిలోనైనా మంచాలు చాలవు. వృద్ధులు, పసిపిల్లలు తమ వంతు వచ్చేలోపే ప్రమాదంలో పడతారు. 2018లో మా ఊళ్లో ఒక పేటలో ఇదే జరిగింది, అప్పుడు నేను నర్సింగ్ విద్యార్థినిగా వార్డులో ఉన్నాను. సెలైన్లు పెట్టి చాలామందిని నిలబెట్టగలిగాం గాని, వాళ్లు ఇంటికి వెళ్లి మళ్లీ అవే నీళ్లు తాగకుండా ఆపడం మా చేతుల్లో లేదు. పైపు మార్చే డబ్బు మాత్రమే ఆ పని చేయగలదు."

చివరి రెండు వాక్యాలు చూడండి. "కాబట్టి నివారణ ముఖ్యం" అన్న మాట లేదు, అయినా ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. అది ఏ ఐడియాల పుస్తకంలోనూ దొరకదు. రాయాలంటే ఆ వార్డులో నిలబడి ఉండాలి, లేదా నిలబడినవాళ్లను అడిగి తెలుసుకుని ఉండాలి.

రెండో పేరాకి ఆమె ఎదుటి పక్షం తీసుకున్నారు. జాతీయ రహదారి మీద ప్రమాదంలో దెబ్బతిని వచ్చినవాడికి ఏ అవగాహన కార్యక్రమమూ పనికిరాదు, ఆ గంటలో రక్తం, సర్జను, వెంటిలేటర్ కావాలి, అందుకని వైద్యం ఖర్చు ఒక మట్టం కిందికి దిగకూడదు అని. రెండు విషయాలు, రెండు పేరాలు, ముందు చిన్న పరిచయం, చివర మూడు వాక్యాలు. మొత్తం 282 పదాలు.

పాత అలవాటు ఊరికే పోలేదు. పేరా చివర రెండు పాయింట్లు ఉచితంగా పడేసేవారు, "ఇంకా, ఉపాధి కూడా పెరుగుతుంది" అని. రాసింది సరిపోదేమోనన్న భయం అది. దానికి ఆమే మందు కనిపెట్టుకున్నారు. ప్రాక్టీసు నోట్సు అంచున పెన్సిలుతో "యూరిన్?" అని రాసుకునేవారు. అంటే, ఈ వాక్యం ఎప్పుడు నిజం కాదు, అప్పుడు ఏమవుతుంది అని. కొత్త పాయింటు రాయబోయే చోట ఆ ప్రశ్న వేసుకుంటే ఉన్న పాయింటుకే ఇంకో వాక్యం దొరికేది.

ఇంకో చిక్కు నేను ఊహించనిది. టాస్క్ 2లో "ఎందుకు" అని అడిగి అడిగి, అది టాస్క్ 1లోకి కూడా పాకింది. గ్రాఫులో ఒక దేశంలో టీ వాడకం తగ్గింది అని ఉంటే, బహుశా జనం కాఫీకి అలవాటుపడి ఉంటారని కారణాలు కల్పించి రాయడం మొదలైంది. అకడమిక్ టాస్క్ 1లో ఉన్న అంకెల్ని చెప్పడం, పోల్చడం వరకే మన పని. లేని కారణాలు జోడిస్తే మార్కులు పోతాయి. "అది కేస్ షీట్ సిస్టర్, ఉన్న రీడింగులే రాయండి" అన్నాక ఒక్కరోజులో సర్దుకుంది.

నాకు అసలు భయం వైద్యం కాని టాపిక్ వస్తే ఏమిటని. అందుకే వరసగా ఆమెకి సంబంధం లేనివే ఇచ్చాను. మ్యూజియాలకి టికెట్ ఉండాలా, ఉచితంగా పెట్టాలా అన్న ప్రశ్నకి అరగంట ఖాళీ కాగితం ముందు కూర్చున్నారు. "నేను మ్యూజియానికే వెళ్లలేదు సార్." మీ ఇంట్లో ఎవరైనా వెళ్లారా అంటే, అన్నయ్య పిల్లల్ని తీసుకుని విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్లొచ్చారన్నారు. ఏమైంది? "పిల్లలు మధ్యలోనే ఏడుపు మొదలెట్టారట. టికెట్ కొన్నాం కదా అని మా వదిన అన్నీ చూపించేదాకా వదల్లేదు." అని నవ్వి, ఉన్నట్టుండి ఆగారు. పెన్ను తీసుకున్నారు. ఆమె రాసింది: డబ్బు కట్టి వచ్చినవాళ్లు అది గిట్టాలని అన్ని గదులూ ఒక్క పూటలో చుట్టేస్తారు, పిల్లలు మూడో గదికే నీరసించి మ్యూజియమంటే విసుగు పెంచుకుంటారు. ఉచితమైతే ఒక ఆదివారం ఒక్క గది చూసి వచ్చేయొచ్చు, మళ్లీ వెళ్లొచ్చు. కాబట్టి టికెట్ తీసేస్తే వచ్చేవాళ్ల సంఖ్య పెరగడమే కాదు, చూసే తీరు మారుతుంది. ఇన్నేళ్లలో ఆ టాపిక్ మీద నేను దిద్దిన కాగితాల్లో ఆ చివరి మాట ఇంకెవరూ రాయలేదు. పేదలు రాగలుగుతారు, సంస్కృతి తెలుస్తుంది, పర్యాటకం పెరుగుతుంది, ఈ మూడే తిప్పి తిప్పి రాస్తారు.

టైము దగ్గర ఇంకో పది రోజులు పట్టింది. 40 నిమిషాల్లో మొదటి ఎనిమిది నిమిషాలు రాయకుండా కూర్చోవడం ఆమెకి నరకం. పక్కవాళ్లు టకటకా కొడుతుంటే గుండె దడ. కానీ ఏ ఐదు విషయాలు వదిలేయాలో తేల్చుకునేది ఆ ఎనిమిది నిమిషాల్లోనే. "ఇన్ టుడేస్ మోడర్న్ వరల్డ్" లాంటి బట్టీ వాక్యాలు తీసేయించాక పరిచయం రెండు వాక్యాలకి వచ్చింది, అక్కడ మూడు నిమిషాలు మిగిలాయి. కంప్యూటర్ మీద రాసే పరీక్షలో పదాల లెక్క కింద కనిపిస్తూనే ఉంటుంది. 270 దాటాక ఆ అంకె వైపు చూడొద్దని, ఉన్నదాన్ని దిద్దుకోమని చెప్పాను.

నాలుగో పరీక్ష విజయవాడలో, కంప్యూటర్ మీదే రాశారు. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 7, రైటింగ్ 6.5. సగటు సరిగ్గా 7. ఫోన్ చేసినప్పుడు డ్యూటీలో ఉన్నారు, అంకెలు చెప్పి, "బెడ్ 2 పిలుస్తున్నారు సార్, మళ్లీ చేస్తా" అని పెట్టేశారు.

రైటింగ్‌లో 7 ఎందుకు రాలేదని తర్వాత ఆలోచించాను. ఆమె వాక్యాలు ఇప్పటికీ కొన్నిచోట్ల గట్టిగా తీర్మానిస్తాయి, "అందరూ", "ఎప్పుడూ" అని. బ్యాండ్ 7 వర్ణనలో కూడా అతిగా సాధారణీకరించే ధోరణిని ప్రస్తావిస్తారు గాని, ఆమెది అంతకంటే కాస్త ఎక్కువ. వ్యాకరణం 6 దగ్గరే ఉండి ఉంటుంది, దాన్ని మేం ముట్టుకోలేదు. ఇంకో రెండు నెలలుంటే ముట్టుకునేవాళ్లం.

ఇప్పుడు నా దగ్గర ఒక బీటెక్ అబ్బాయి ఉన్నాడు, వాళ్లది మిర్చి రైతుల కుటుంబం. హ్యాండోవర్ అంటే అతనికి అర్థం కాదు. మొన్న గ్రామాల్లో సాంకేతికత మీద వ్యాసంలో "కోల్డ్ స్టోరేజీల వల్ల రైతులకి లాభం" అని రాసి, వెంటనే ఇంటర్నెట్‌లోకి, అక్కడి నుంచి డ్రోన్లలోకి దూకేశాడు. నాన్న సరుకు ఎప్పుడు అమ్ముతారని అడిగాను. "మార్చిలో అందరూ ఒకేసారి యార్డుకి తెస్తారు సార్, రేటు పడిపోతుంది. అందుకని కొన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటొచ్చాక తీస్తాం. అక్కడైతే రంగు పోదు." ఇదే ఇంగ్లీషులో రాసుకురమ్మన్నాను. ఐదు వాక్యాలు రాసుకొచ్చాడు, బాగున్నాయి. అంచున పెన్సిలుతో ఒక ప్రశ్న రాసి తిరిగిచ్చాను: "అన్ని నెలలు ఆగడానికి స్టోరేజీ అద్దె, అప్పు మీద వడ్డీ ఎవరు కడతారు? అవి కట్టలేని రైతు మాటేమిటి?" నాన్నని అడిగి సోమవారం తెస్తానన్నాడు.